ప్రభుత్వాసుపత్రిలో సైగల భాష ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఎవరిని అడగాలి?

లావణ్య_కె · ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలిద్దరికీ చిన్నప్పటి నుంచి వినపడదు. ఇద్దరూ బధిరుల పాఠశాలలో చదువుకున్నవాళ్ళే, ఇంట్లో మాటలన్నీ సైగలతోనే. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడు తొమ్మిదో తరగతి, వాళ్ళ దగ్గరే ఉంటాడు.

నాన్నకు మెడ పక్కన గడ్డ లేచింది. ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే బయాప్సీ చేయాలన్నారు. డాక్టరుగారు విషయమంతా తమ్ముడికి చెప్పి, "మీ నాన్నకు చెప్పి సంతకం పెట్టించు బాబూ" అన్నారట. క్యాన్సర్ కావచ్చన్న మాట వాడికి చేతులు రాలేదు చెప్పడానికి. "చిన్న గడ్డే, ముక్క తీసి చూస్తారట" అని సైగ చేసి ఊరుకున్నాడు. నాన్న సంతకం పెట్టేసి వచ్చారు.

రిపోర్టు గురువారం ఇస్తారు. సెలవు పెట్టి నేనే వెళ్తున్నాను, ఈసారికి సరే. ఆ తర్వాత ఆపరేషన్ అంటే? కీమో అంటే? ప్రతిసారీ నేనో తమ్ముడో ఉండాల్సిందేనా? ఆసుపత్రి వాళ్ళే ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించాలని రూలేమైనా ఉందా? ఉంటే ఎవరిని అడగాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

శ్రీకాంత్_డెఫ్ · ఆదివారం రాత్రి 10:47

లావణ్య గారూ, నేనూ డెఫ్. మా ఇళ్ళల్లో ఇది మామూలే. వినపడేవాడు ఒకడు పక్కన ఉంటే ఇక పని అయిపోయినట్టే అనుకుంటారు డాక్టర్లు. కానీ అక్కడ గల్లంతయ్యేది పేషెంటు వేయాల్సిన ప్రశ్న. మీ నాన్నగారు ఏం అడిగేవారో ఎవరికీ తెలియదు. సంగతి ఆయన దాకా రాలేదు కదా.

కాగితం మీద రాసిస్తే చాలదా అంటారు కొందరు. నాకు చాలుతుంది, డిగ్రీ చదివాను. మా అక్కకు చాలదు. మా బళ్ళో చేతులు కదిపితే కొట్టేవారు, పెదవులు చూసి మాట్లాడమనేవారు. ఏళ్ళ తరబడి అలా గడిచాక తెలుగు వాక్యం చదివి అర్థం చేసుకోవడం చాలామందికి కష్టమైపోయింది. సైగల భాషకు దాని వ్యాకరణం దానిదే, తెలుగును చేతులతో పలకడం కాదది. ఇక పెదవుల సంగతంటారా, ప, బ, మ మూడూ ఒక్కలాగే కనపడతాయి. "మాత్ర" అన్నారో "పాత్ర" అన్నారో చూసి చెప్పండి చూద్దాం. డాక్టరుగారు మాస్కు వేసుకుంటే ఆ కాస్తా పోయింది.

ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు. అడ్మిషన్ అయ్యాక సెలైన్ సూది కుడిచేతికి గుచ్చి, కదపకుండా అట్ట పెట్టి ప్లాస్టర్ చుట్టేస్తారు. మాకు అది నోట్లో గుడ్డ కుక్కినట్టే. నాన్నగారు ఏ చేత్తో ఎక్కువగా సైగ చేస్తారో ముందే నర్సుకు చెప్పి, రెండో చేతికి పెట్టించండి.

రమణమూర్తి_వి · సోమవారం ఉదయం 7:05

అమ్మా లావణ్యా, మీ బాధ అర్థమైంది. కానీ ఉన్నమాట చెప్పుకుందాం. మా మండలం పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది, ల్యాబ్ టెక్నీషియన్ వారానికి కొన్ని రోజులే వస్తాడు. పాముకాటు మందు ఉందో లేదో ఎవరికీ తెలియదు. అక్కడ ఇంటర్‌ప్రెటర్ కావాలంటే నవ్వుతారు. ముందు డాక్టర్లను వేయించండి, తర్వాత ఇవన్నీ. కోపం తెచ్చుకోవద్దు, రిటైరైన ఉద్యోగిని, ఫైళ్ళు ఎలా కదులుతాయో చూసినవాణ్ణి.

సుజాత_స్టాఫ్‌నర్స్ · సోమవారం మధ్యాహ్నం 2:30

డ్యూటీ దిగి రాస్తున్నాను. రమణమూర్తి గారు చెప్పిన రద్దీ నిజమే. ఉదయం ఓపీ తెరిచేసరికి చీటీల దగ్గర లైను గేటు దాటుతుంది, ఒక్కో పేషెంటుకు డాక్టరుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. అందులో సైగలు చేస్తూ కూర్చోవడం కుదరదు.

కానీ అర్థం కాకుండా పంపేస్తే ఆ టైము మళ్ళీ మా నెత్తినే పడుతుంది సార్. ఆపరేషన్‌కు ఖాళీ కడుపుతో రమ్మంటే ఇడ్లీ తినేసి వస్తారు, ఆ రోజు థియేటర్ స్లాట్ పోతుంది. షుగర్ మాత్రలు రెండు పూటలవీ ఒకేసారి వేసుకుని కళ్ళు తిరిగి ఎమర్జెన్సీకి వస్తారు. వాళ్ళలో ఎందరికి చెప్పింది అసలు చేరిందో ఎవరూ లెక్క తీయరు.

వినపడని ఆవిడ కాన్పుకు వచ్చినప్పుడు మా లేబర్ రూములో చూశాను. "ముక్కమ్మా" అని అందరం అరుస్తున్నాం. అరిచి ఏం లాభం? చివరికి ఒక ఆయమ్మ ఆవిడ ఎదురుగా నిలబడి, చెయ్యి పట్టుకుని, తనే ముక్కుతున్నట్టు ముఖం పెట్టి చూపించింది. ఆ తర్వాత పావుగంటలో బిడ్డ బయటపడింది. ఆయమ్మకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

ఎక్స్‌రే, సీటీ గదులు ఇంకా కష్టం. టెక్నీషియన్ అద్దం అవతలి నుంచి మైకులో "ఊపిరి బిగబట్టండి" అంటాడు. ముందే గదిలోకి వెళ్ళి చెయ్యి ఎత్తితే బిగబట్టాలి, దించితే వదలాలి అని ఒప్పందం చేసుకోవాలి, అద్దంలోంచి ఆ చెయ్యి కనపడాలి. కొందరికి చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి ఆపరేషన్ చేసి అమర్చే పరికరం) ఉంటుంది. ఎమ్మారై అంటే ఇంప్లాంట్ ఉన్నట్టు తప్పనిసరిగా ముందే చెప్పాలి, లోపల అయస్కాంతం ఉంటుంది.

అడ్వకేట్_హరిత · సోమవారం సాయంత్రం 6:18

రూలు సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 25వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటిలోనూ అన్ని భాగాల్లో ఆటంకాలు లేని ప్రవేశం ఉండాలి, చూడటంలో, చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలి. "ఆటంకం" అంటే మెట్లు మాత్రమే కాదు, సమాచారం అందకపోవడం కూడా ఆటంకమేనని చట్టమే నిర్వచించింది. కమ్యూనికేషన్ అన్న మాట కింద సైగల భాష, బ్రెయిల్, పెద్ద అక్షరాలు, సులభ భాష అన్నీ వస్తాయి. తగిన సర్దుబాటు చేయడానికి నిరాకరిస్తే అది వివక్ష కిందికే వస్తుంది.

సంతకం విషయం వేరే. అర్థం కాకుండా పెట్టిన సంతకాన్ని సమ్మతి అనలేం. తగిన సమాచారం ఇచ్చాక తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే "అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే విధంగా" అని నేరుగా రాసింది. కాబట్టి లావణ్య గారూ, మీరు అడిగేది దయాదాక్షిణ్యం కాదు. వాళ్ళ కాగితం చెల్లాలన్నా మీ నాన్నగారికి అర్థం కావాల్సిందే. సూపరింటెండెంట్‌తో ఈ మాటే చెప్పండి, చట్టం నంబర్ల కంటే బాగా పనిచేస్తుంది.

ఫలానా పోస్టులో ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టాలని మాత్రం చట్టంలో విడిగా లేదు. అసలు చిక్కంతా అక్కడే. హక్కు ఉంది, డ్యూటీ రోస్టర్‌లో పేరు లేదు.

జమున_మన్యం · సోమవారం రాత్రి 9:02

నేను సీతంపేట వైపు మనిషిని, టీచర్‌గా పనిచేస్తున్నాను. ఈ చర్చలో నేనెందుకంటే, మా సవర గిరిజన అమ్మలది కూడా ఇదే కథ. వాళ్ళకు చెవులు బాగానే వినపడతాయి, ఆసుపత్రి భాష వినపడదు. సవర భాష ముండా కుటుంబంలోది, తెలుగుకు దానికి చుట్టరికం లేదు. గోండీ, కోయ, కువి అయినా ద్రావిడ భాషలే, అక్కడో మాట ఇక్కడో మాట దొరుకుతుంది. సవరలో అదీ లేదు.

ఊళ్ళో ఉన్నంతసేపూ ఆశ కార్యకర్త చూసుకుంటుంది, ఆమెది ఆ భాషే. అంబులెన్స్ ఎక్కించి పెద్దాసుపత్రికి రెఫర్ చేశాక ఎవరూ ఉండరు. ముసలావిడ అన్నిటికీ తల ఊపుతుంది. "నొప్పి తగ్గిందా?" అంటే ఊపుతుంది, "తగ్గలేదా?" అన్నా ఊపుతుంది. కేస్ షీటులో మాత్రం "తగ్గింది" అని పడుతుంది.

విశాఖ కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది, మన్యం నుంచి వచ్చినవాళ్ళకు దారి చూపించడానికి. అలాంటిది ఉంటే ఎంత తేడానో వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతారు. రమణమూర్తి గారూ, మీ వాదన మాకు ఎప్పటి నుంచో వినిపిస్తున్నారు. ముందు రోడ్డు, తర్వాత డాక్టరు, తర్వాత భాష. మూడోది రావడానికి ముందే మనిషి పోతున్నాడు.

రమణమూర్తి_వి · సోమవారం రాత్రి 9:40

జమున గారూ, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ప్రతి ఆసుపత్రిలో సైగలకొకరు, సవరకొకరు, కోయకొకరు, ఉర్దూకొకరు, ఇటుక బట్టీల ఒడియా వాళ్ళకొకరు అంటే జీతాలెవరిస్తారు? అదే నా ప్రశ్న. ఎదురుప్రశ్న కాదు, నిజంగానే అడుగుతున్నాను.

ప్రసాద్_డాలస్ · మంగళవారం ఉదయం 8:15

ఇక్కడ అమెరికాలో పద్ధతి చెబుతాను, కాపీ కొట్టమని కాదు. ప్రతి ఆసుపత్రిలో ప్రతి భాషకూ మనిషి ఇక్కడా లేడు. మా అమ్మ వచ్చినప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, చక్రాల స్టాండ్ మీద టాబ్లెట్ తోసుకొచ్చారు. తెలుగు అని నొక్కారు, కాసేపటికి తెరమీద ఒకావిడ. ముందు తన నంబరు చెప్పింది, తర్వాత డాక్టరు "నేను" అంటే తనూ "నేను" అనే చెప్పింది, సొంత మాట ఒక్కటి కలపలేదు. అమ్మ ఆవిడను మీదే ఊరమ్మా అని అడిగితే, ఆ ప్రశ్నను కూడా ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పింది!

నేనే చెబుతాను కదా అంటే ఒప్పుకోలేదు. ఒక దశలో నన్ను బయటికి వెళ్ళమన్నారు. ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అని పెద్దవాళ్ళను విడిగా అడుగుతారట. మొదట చిరాకేసింది, తర్వాత అర్థమైంది. కొడుకే దుబాసీ అయితే ఆ ప్రశ్నకు జవాబు ఎలా వస్తుంది?

1964 పౌరహక్కుల చట్టం, 1990 వికలాంగుల చట్టం, 2010 ఆరోగ్య చట్టంలోని 1557 సెక్షన్ దీనికి ఆధారం. పేషెంటే ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చుకోవాలనడానికి వీల్లేదు, అత్యవసరమైతే తప్ప పిల్లల చేత చెప్పించకూడదు. 2025 మార్చిలో ఇంగ్లీషును అధికార భాష చేస్తూ, 2000 నాటి భాషా సహాయం ఉత్తర్వును రద్దు చేశారు. చట్టాలు మాత్రం ఉన్నాయి. అందుకే ఇక్కడ అంతా బాగుందని చెప్పను.

శ్రీకాంత్_డెఫ్ · మంగళవారం ఉదయం 9:30

రమణమూర్తి గారి ప్రశ్నకు ఇదే జవాబు అనుకుంటాను. ఆసుపత్రికి ఒకరు అక్కర్లేదు, రాష్ట్రానికి ఒక గది చాలు మొదలుపెట్టడానికి. కొందరు సైగల ఇంటర్‌ప్రెటర్లు, గిరిజన భాషలవాళ్ళు షిఫ్టుల్లో కూర్చుంటే, ఓపీ దగ్గర, క్యాజువాలిటీలో, లేబర్ రూములో ఒక ఫోన్ స్టాండ్ పెట్టి వీడియో కాల్. ఈ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ) డాక్టరే వీడియోలో కనపడుతున్నాడు, ఇంటర్‌ప్రెటర్ కనపడలేడా?

అయితే వీడియోకు హద్దులున్నాయి. మత్తు దిగుతున్న మనిషికి చిన్న తెర కనపడదు. కంటి పేషెంటుకు పనికిరాదు. ఊళ్ళో బడికే వెళ్ళని డెఫ్ పెద్దవాళ్ళకు ఇంటి సైగలే తెలుసు, భారతీయ సైగల భాష రాదు. వాళ్ళకు ఇంటర్‌ప్రెటర్ పక్కన ఇంకో డెఫ్ మనిషి ఉండాలి, ఆ సైగలను పట్టుకుని మార్చి చెప్పడానికి. క్యాన్సర్ లాంటి మాట చెప్పేటప్పుడు మాత్రం మనిషే ఎదురుగా ఉండాలి.

మనుషులే తక్కువ, అది ఒప్పుకోవాలి. 2011 జనాభా లెక్కల్లోనే వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలు దాటారు. ఢిల్లీలో సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది 2015లో. ఇంటర్‌ప్రెటర్ డిప్లొమా రెండేళ్ళు. చదివి బయటికి వచ్చినవాడికి ఆసుపత్రిలో పోస్టే లేకపోతే ఆ కోర్సులో ఎవరు చేరతారు?

స్పీచ్‌థెరపిస్ట్_నీలిమ · మంగళవారం మధ్యాహ్నం 1:10

పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. వాళ్ళకు ఏ ఇంటర్‌ప్రెటర్ పనికిరాడు. చాలామందికి మన మాట కొంతో గొప్పో అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి మాట రాదు. ఇంట్లోవాళ్ళు, డాక్టర్లు ఆయన మంచం పక్కనే నిలబడి ఆయన లేనట్టు మాట్లాడుకుంటారు.

జమున గారు చెప్పిన తల ఊపడం మా దగ్గర రోజూ ఉంటుంది. తెలుగులో "లేదా" ప్రశ్నలు వేయకండి. "అన్నం తినలేదా?" అంటే మామూలు మనిషి "ఆఁ" అన్నా ఏ అర్థమో తేల్చలేం. "తిన్నారా?" అని అడగండి. జవాబు నమ్మవచ్చో లేదో తెలియాలంటే ముందు తెలిసిన సంగతి అడగండి: "ఇది ఆసుపత్రేనా?", తర్వాత "ఇది బస్టాండేనా?" రెండిటికీ తల ఊపితే మూడో జవాబును కేస్ షీటులో ఎక్కించకండి. తర్వాత బొమ్మల కాగితం: నొప్పి, దాహం, బాత్‌రూం, చలి, ఇంటికి ఫోన్. ఒక పేజీకి ఆరు బొమ్మలకు మించొద్దు. ఆయన కుడి వైపు చూపు దెబ్బతిని ఉంటే కాగితం ఎడమవైపు పట్టుకోండి. ఇదంతా చేయడానికి జీవో అక్కర్లేదు.

అంధ_పాఠకుడు · మంగళవారం సాయంత్రం 4:55

స్క్రీన్ రీడర్‌తో (తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదువుతున్నాను, ఎవరూ ఫొటో పెట్టనందుకు సంతోషం. నాది చిన్న పాయింట్. మందుల కౌంటర్‌లో స్ట్రిప్పు కత్తెరతో ముక్కలు చేసి కవరులో వేస్తారు. బీపీదీ గ్యాస్‌దీ వేలికి ఒక్కలాగే తగులుతాయి. కవరు మీద పెన్నుతో 1-0-1 రాస్తారు, నాకది కాగితమే. పొద్దుటి కవరుకు ఒక రబ్బరు బ్యాండ్, రాత్రిదానికి రెండు వేయమని అడుగుతాను. ఫార్మసిస్టు వేస్తాడు, వెనక లైను గొణుగుతుంది.

డా. విజయ్_లీడ్స్ · మంగళవారం రాత్రి 11:20

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ 2016 నుంచి ఒక ప్రమాణం అమల్లో ఉంది: పేషెంటుకు సమాచారం ఏ రూపంలో కావాలో మొదటిసారే అడగాలి, ఫైల్లో అందరికీ కనపడేలా రాయాలి, వేరే విభాగానికి పంపితే ఆ సంగతీ పంపాలి. ప్రతిసారీ అమలవుతుందని కాదు. కానీ అడగడం, రాయడం వరకు దాదాపు ఖర్చు లేదు. సుజాత గారూ, మీ ఓపీ చీటీ మీద ఎక్కడైనా దీనికి గడి ఉందా?

సుజాత_స్టాఫ్‌నర్స్ · బుధవారం ఉదయం 6:40

లేదు డాక్టరుగారూ. వయసు, లింగం, ఊరు, ఆధార్. అంతే. మా వార్డులో నేను కేస్ షీటు పైన ఎర్ర పెన్నుతో "వినపడదు" అని రాస్తుంటాను. షీటు మారితే పోతుంది. నవ్వొచ్చే విషయం, సదరం క్యాంపులో (వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే చోట) వినికిడి పరీక్షకు వచ్చినవాళ్ళను కూడా పేరు పెట్టి అరిచి పిలవడం చూశాను.

లావణ్య_కె · బుధవారం మధ్యాహ్నం 12:25

అందరికీ థాంక్స్. డెఫ్ అసోసియేషన్ వాళ్ళ ద్వారా విజయవాడ నుంచి ఒక ఇంటర్‌ప్రెటర్ దొరికారు, రేపు వస్తానన్నారు. ఈసారి డబ్బు మేమే ఇస్తున్నాం. ఈ లెటర్ రాశాను, చూసి చెప్పండి:

"సూపరింటెండెంట్ గారికి. నా తండ్రికి చిన్నప్పటి నుంచి వినపడదు, భారతీయ సైగల భాష వాడతారు. ఇకపై వ్యాధి నిర్ధారణ, ఆపరేషన్, సమ్మతి పత్రాల సమయంలో సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చేయగలరు. మైనర్ అయిన నా తమ్ముడి ద్వారా విషయాలు చెప్పించవద్దని కోరుతున్నాను. ఈ సంగతి కేస్ షీటు మొదటి పేజీలో నమోదు చేయగలరు."

అడ్వకేట్_హరిత · బుధవారం మధ్యాహ్నం 1:50

బాగుంది. "చేయగలరు" అని వదిలేయకుండా, "2016 చట్టం 25వ సెక్షన్ ప్రకారం" అని ఒక్క ముక్క కలపండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) జిరాక్స్ జత చేయండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి, ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు. అమ్మగారికి కూడా విడిగా ఒక లెటర్ రాసిపెట్టుకోండి, ఆమె ఆసుపత్రి ఫైలు వేరు కదా.

రమణమూర్తి_వి · బుధవారం సాయంత్రం 5:15

ఖర్చు ఏ పద్దు కింద అని ఆఫీసులో తప్పకుండా అడ్డం వేస్తారు. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులు ఉంటాయి, అందులోంచి ఇవ్వమని లెటర్లోనే సూచించండి. పద్దు పేరు కనపడితే క్లర్కు ఫైలు పైకి పెడతాడు.

సుజాత_స్టాఫ్‌నర్స్ · బుధవారం రాత్రి 8:05

రెండు కాపీలు తీసుకెళ్ళమ్మా. ఒకటి ఇన్‌వార్డులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకో. ఇంటర్‌ప్రెటర్‌ను ఉదయం తొమ్మిదికల్లా రమ్మను, పది దాటితే డాక్టర్లు రౌండ్స్‌లో ఉంటారు. రిపోర్టు చెప్పేటప్పుడు తమ్ముణ్ణి బడికి పంపించేయి.